పేరుకు పలికినవాళ్లు

ఎనిడ్ స్కెర్న్‌బీని నేను మొదట చూసింది బడి వంటగది కిటికీలోంచి. నాకప్పుడు ఆరేళ్లు. ఉడికించిన బంగాళాదుంప ముద్దను నా పళ్లెంలో దబ్బున వేసి, "తినకపోయావో, రేపూ ఇదే" అంది. మార్‌థోర్ప్ బళ్లో ముప్పై ఎనిమిదేళ్లు ఆవిడదే గరిటె. పెళ్లి చేసుకోలేదు. అన్న విల్ఫ్‌తో కలిసి పుట్టిన ఇంట్లోనే ఉండిపోయింది. సముద్రం మీది మట్టి గట్టున ఊరికి చివరి ఇల్లు వాళ్లది. వాళ్ల కంచెకు ఇవతల, సెలవులకు వచ్చేవాళ్లకు చక్రాల ఇళ్లు అద్దెకిచ్చే నా కారవాన్ల పార్కు. మా తీరంలో గట్టు ఏటా రెండు మూడు అడుగులు వేసినంత మేర సముద్రంలోకి జారిపోతూనే ఉంటుంది. నేను నాలుగేళ్లకొకసారి ముందు వరస కారవాన్లను వెనక్కి లాక్కుంటాను. వాళ్లు ఇంటిని లాక్కోలేరు కదా, చూస్తూ ఉండేవాళ్లు.

వాళ్ల దొడ్లో తూర్పు మూల రూబార్బ్ అనే పుల్లకాడల మొక్క పెరిగేది. కాడలు ఎర్రగా, పిల్లవాడి మణికట్టంత లావున వచ్చేవి. ఆ ఇంట్లో ఎవరూ వాటిని తుంచేవాళ్లు కాదు. చిన్నప్పుడు నేనొక కాడ విరిచి చక్కెరలో అద్దుకుంటుంటే విల్ఫ్ పరుగున వచ్చి నా చేతిలోంచి ఊడబెరికాడు. "ఇవతల చాళ్లో కావలసినంత ఉంది, అక్కడ కోసుకో. ఆ మూలకి పోకు" అన్నాడు. ఎందుకని అడిగితే, "మా నాన్న చెప్పాడు" అన్నాడు. నాకూ అంతకంటే కారణం అక్కర్లేకపోయింది.

విల్ఫ్ పోయింది నవంబరులో. తూర్పు గాలి మొదలై మూడో రోజు. పొద్దున్నే ఎనిడ్ పొయ్యి దగ్గర పంది మాంసం ముక్కలు వేయిస్తోంది. నడవలోంచి విల్ఫ్ గొంతు వినపడింది: "ఆఁ, వస్తున్నా!" నేను నిచ్చెన కోసం వచ్చానేమో అనుకుందట. వెనక తలుపు తెరిచిన చప్పుడు, మూసిన చప్పుడు. ముక్కలు చల్లారిపోయినా మనిషి రాలేదు.

అతన్ని చూసింది నేనే. గట్టు కింద తడి మట్టిలో, సముద్రం వైపు తిరిగి మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. బూట్ల తాళ్లు పద్ధతిగా కట్టి ఉన్నాయి. రెండు చేతులూ ముందుకు చాచి ఉన్నాయి, నిద్రపోయిన పిల్లని ఎత్తుకున్నవాడిలా. గుండె ఆగిపోయిందన్నాడు డాక్టరు. అయ్యే ఉంటుంది. ఆ చేతులు కిందికి దించడానికి ఇద్దరం మనుషులం కావలసి వచ్చింది.

ఊళ్లోని చర్చి పక్కన పూడ్చాం. నెలయ్యాక రాయి చెక్కే స్టాథర్స్ వచ్చి అడిగాడు.

"పేరు ఎలా చెక్కమంటారు, ఎనిడ్? విల్ఫ్ పుట్టిన కాగితంలో ఒకలా ఉంది, మీరు నాకు రాసిచ్చిన చీటీలో ఇంకోలా ఉంది."

ఆవిడ డ్రాయరంతా బోర్లించింది. విల్ఫ్‌ది స్కెర్న్‌బీ. తనది స్కర్న్‌బీ. తండ్రి సైన్యం కాగితాల్లో స్కార్న్‌బీ.

"ఒక్క ఇంట్లో ముగ్గురికి మూడు పేర్లా!" అన్నాడు స్టాథర్స్. "కంగారేం లేదు. తేల్చుకుని చెప్పండి. రాయి ఎక్కడికీ పోదు."

అలా మొదలైంది. మొదట ఊరూరా తిరిగే లైబ్రరీ వ్యానులో వెతికింది. చివర 'బీ' ఉంటే వెయ్యేళ్ల కింద సముద్రం దాటొచ్చిన డేన్ల భాషలో ఊరని అర్థమట, అంటే స్కెర్న్‌బీ ఒకప్పుడు ఏదో ఊరి పేరై ఉండాలి. బ్రిడ్లింగ్టన్ సంతలో ఇంటిపేర్ల చరిత్ర అచ్చువేసి అమ్మే ఒకతను ఆవిడకు డాలు, దాని మీద సింహం ఉన్న కాగితమొకటి అంటగట్టాడు. స్కెర్న్‌బీలు గుర్రాలెక్కి వచ్చిన వీరులని రాసుంది అందులో. "మా నాన్న బూట్ల కంపుకే ఈ సింహం పారిపోయేది" అని దాన్ని పిల్లి గిన్నె కింద పరిచింది. మిగిలిపోయిన గోడ కాగితం చుట్టను వంటింటి బల్ల మీద వెనక్కి తిప్పి పరిచి, తండ్రి, తాత, ముత్తాత అని గీతలు గీయడం మొదలుపెట్టింది. చలికాలమంతా ఆ బల్ల మీద పళ్లెం పెట్టే చోటు లేదు.

మంగళవారాలు ఆవిడని నా వ్యానులో బెవర్లీలోని రికార్డు ఆఫీసుకు తీసుకెళ్లేవాణ్ణి. అక్కడ రోవెనా అని ఒక ఆవిడ పాత చర్చి పుస్తకాలను దిండ్ల మీద పెట్టి చూపించేది. చకచకా పనిచేసే మనిషి. మూడో మంగళవారమో నాలుగోదో, పెన్సిలు కింద పెట్టి ఎనిడ్ వంక చూసింది.

"ఒకటి అడగనా? మీవాళ్లెవరూ చావలేదా?"

"అంటే?"

"బాప్తిస్మాలున్నాయి. పెళ్లిళ్లున్నాయి. చనిపోయినట్టు కొందరికి సర్కారు కాగితాలూ ఉన్నాయి. కానీ పూడ్చినట్టు రాసిన పేజీ ఒక్కటీ లేదు. మీ నాన్న నుంచి వెనక్కి రెండొందల ఏళ్ల దాకా మగవాళ్లు పదకొండు మంది. చుట్టుపక్కల అన్ని చర్చిల పుస్తకాలూ తిరగేశాను. ఎక్కడా లేరు."

"మరి ఎటు పోయినట్టు?" అన్నాను నేను.

"ఎటూ పోలేదనే అనుకోవాలి" అని నవ్వబోయి రోవెనా ఆగిపోయింది. ఎనిడ్ ముఖం చూసి ఉంటుంది.

వ్యానులో తిరిగి వస్తున్నాం. నాలుగు ఊళ్లు దాటాక ఎనిడ్, కిటికీలోంచి బయటికే చూస్తూ, అంది: "నాన్న అన్నం తింటూ తింటూ లేచేవాడు, డెస్. గాలి రోజుల్లో. 'వస్తున్నా' అని అరిచి బయటికి వెళ్లేవాడు. కాసేపటికి తడిసి వచ్చేవాడు. అమ్మ పళ్లెం మీద మూత పెట్టి ఉంచేది. ఎవరు పిలిచారని ఒక్కసారైనా అడిగినట్టు గుర్తులేదు. అందరిళ్లలోనూ అంతేననుకున్నా. ఆయన పోయినప్పుడు చిన్నపిల్లనని నన్ను చుట్టాలింటికి పంపేశారు, తిరిగొచ్చేసరికి అంతా అయిపోయింది, ఎక్కడ పూడ్చారని అడగనివ్వలేదు."

నాకు విల్ఫ్ చేతులు గుర్తొచ్చాయి.

అసలు పేజీ జనవరి చివర దొరికింది. పదిహేడు వందల ఎనభై ఆరు నాటిది. స్కెర్న్‌బీ అనే ఊరు నిజంగానే ఉండేది, ఇప్పుడు నా కారవాన్ల ముందు అలలు లేచే చోటికి పావు మైలు అవతల. ఇళ్లు ముందే పోయాయి, ఊరివాళ్లు చెల్లాచెదురైపోయారు. ఆ యేడు చర్చి దొడ్డి గట్టు నుంచి విరిగి పడటం మొదలైంది. సమాధుల్లోని వాళ్లు ఒడ్డున పడుతున్నారు. ఒక బాప్తిస్మం పక్కన, పుస్తకం అంచున చిన్న పాదిరి సన్నటి అక్షరాలతో రాసుకున్న మాటలను రోవెనా భూతద్దం పెట్టి మెల్లగా చదివింది.

"'థామస్, జాన్ ట్రాన్మర్ కొడుకు. ఈ జాన్‌ను ఇప్పుడు స్కెర్న్‌బీ అంటున్నారు. ఒడ్డున రాలినవారిని ఎత్తి తెస్తున్నది ఇతడొక్కడే. ఒకసారి ప్రార్థన చదివి పూడ్చినవారిని మళ్లీ పూడ్చడానికి పెద్ద పాదిరి ఒప్పుకోలేదు. జాన్ వారిని తన దొడ్లోనే పెట్టుకున్నాడు. వారు పిలిస్తే పలికే సొంతవారు లేరు గనుక, ఆ పేరుకు ఇతడు పలుకుతున్నాడు.'"

ఎనిడ్ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"అంటే మేం స్కెర్న్‌బీలమే కాదు" అంది.

"కాదు. ట్రాన్మర్లు."

"ఇందులో రాసినట్టు 'ఎ' అక్షరంతోనే చెక్కమని స్టాథర్స్‌కి చెప్పాలి" అని లేచి, కోటు వేసుకుని, మళ్లీ కూలబడింది. "డెస్, దొడ్లో అంటే... మా దొడ్లోనేగా?"

ఆ సాయంత్రం చీకటి పడకముందే ఇద్దరం అడుగులతో కొలిచాం. రూబార్బ్ మూల నుంచి గట్టు అంచుకు పదిహేడు అడుగుల దూరం. జాన్ తెచ్చి పూడ్చేనాటికి సముద్రం పావు మైలు దూరాన ఉండి ఉంటుంది. ఒకసారి పడ్డవాళ్లు మళ్లీ పడబోతున్నారు.

ఎనిడ్ వెంటనే ఉత్తరాలు రాసింది. మా ఊరి చర్చి పాదిరమ్మ హిల్లరీ తోడొచ్చింది. తవ్వాలంటే అనుమతులు, వాటికి సంతకాలు, ఆ సంతకాలకు మళ్లీ మనుషులు. ఏప్రిల్ అన్నారు. ఫిబ్రవరి రెండో వారంలో తూర్పు గాలి లేచింది.

మూడో రోజు మధ్యాహ్నం నాలుగింటికి ఆవిడ వంటింట్లో ఉన్నాను. ఇల్లు ఖాళీ చేసి రెండు రోజులు మా ఇంట్లో ఉండమని చెప్పడానికి వెళ్లాను. సముద్రం మీంచి పొగమంచు కమ్ముకుని కిటికీ తెల్లగా ఉంది. "టీ తాగి మాట్లాడు, ఊరికే అరవకు" అంటూ కప్పులోకి వంచుతోంది. వంచుతూ వంచుతూ తలెత్తింది. టీ కప్పు నిండి, సాసరు నిండి, బల్ల మీద గోడ కాగితం మీదికి పాకింది. ఆవిడ నోరు తెరుచుకుంటోంది.

నేను ఆవిడ మణికట్టు పట్టుకున్నాను. "పలక్కండి."

"నీకు వినపడలేదా?"

నాకు వినపడింది గాలే. అదీ నిజం చెప్పాలి. కానీ గాలి అలా ఒకే ఎడంతో, మనిషి ఊపిరి తీసుకోవడానికి ఆగినట్టు ఆగి, మళ్లీ వీచడం ఈ గట్టు మీద యాభై ఏళ్లలో నేనెప్పుడూ వినలేదు.

"చాలామంది ఉన్నారు" అంది ఎనిడ్, చాలా మామూలుగా, బళ్లో పిల్లల్ని లెక్కపెట్టినట్టు. "విల్ఫ్ కూడా ఉన్నాడు. గుంపులో వెనకెక్కడో."

"ఎనిడ్, దయచేసి కూర్చోండి. మీరు బయటికెళ్తే నేనూ రావాలి. నాకు ధైర్యం లేదు."

ఆవిడ నా చెయ్యి విదిలించి వెనక తలుపు దగ్గరికి వెళ్లింది. తెరిచింది. మంచు గడప దాకా వచ్చి నిలబడింది. ఆవిడ గడప దాటలేదు. నడుము మీద చేతులు పెట్టుకుని, భోజనాల గదిలో రెండొందల మంది గోలను ఒక్క మాటతో ఆపే గొంతుతో అరిచింది:

"వినపడింది! పదే పదే పిలవక్కర్లేదు! కుదురుగా ఉండండి, ఏప్రిల్లో నేనే తీసుకెళ్తాను. అందర్నీ. ఒక్కరినీ వదలను!"

తలుపు మూసి గొళ్లెం పెట్టింది. గుడ్డ తెచ్చి బల్ల తుడిచింది. నేను ఆవిడ కుర్చీలోనే కూర్చున్నాను. గాలి తెల్లవారేదాకా వీచింది, కానీ మామూలు గాలిలా, చిందరవందరగా. ఉదయం చూస్తే గట్టు పదమూడు అడుగులు పోయింది. మూల నుంచి అంచుకు నాలుగు మిగిలాయి. ఏప్రిల్ దాకా ఆ నాలుగూ కదల్లేదు. అటూ ఇటూ, నా వైపు కూడా, కూలింది గానీ, ఆవిడ దొడ్డి ముందు కూలలేదు.

విశ్వవిద్యాలయం వాళ్లు వచ్చి మూడు వారాలు తవ్వారు. రూబార్బ్ వేళ్ల కింద చేప పెట్టెల చెక్కలతో చేసిన పొట్టి పెట్టెల్లో, ఒక్కోదాంట్లో ఇద్దరో ముగ్గురో, యాభై మంది. వాళ్ల పక్కన వేరే వరసలో నిండు శవపేటికల్లో పదకొండు మంది. అక్కడిదాకా ఎనిడ్ నిబ్బరంగానే ఉంది, అందరికీ టీలు మోసింది. ఆ పదకొండో వాడి పక్కన తవ్వుతున్న అమ్మాయి ఆవిణ్ణి పిలిచింది.

"ఇక్కడ ఇంకోటి ఉందండీ. ఖాళీది. పైన పలకలు పరిచి మట్టి కప్పారు. పాతది కాదు, పలకలు ఈమధ్యవే."

ఆ పలకలు నావి. పాత కారవాను నేలవి, రెండేళ్ల కింద విల్ఫ్ అడిగి పట్టుకెళ్లాడు. కోళ్ల గూటికన్నాడు.

ఎనిడ్ ఆ గోతిలోకి వంగి చూసింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు, కోపంగా నా వైపు తిరిగింది.

"వాడికి తెలుసు" అంది. "నాన్న వాడికి చెప్పాడు. కొడుకు కదా! డెబ్బై ఏళ్లు ఒకే బల్ల మీద తిన్నాం, డెస్. తన గొయ్యి తను తవ్వుకున్నాడు గానీ నాతో ఒక్క మాట అన్లేదు. నేనేమో అక్షరం కోసం బెవర్లీ చుట్టూ తిరిగాను."

"మిమ్మల్ని ఇందులోకి లాగకూడదనుకున్నాడేమో."

"లాగాడుగా మరి! చచ్చి లాగాడు. బతికుండగా చెప్పుంటే ఇద్దరం కలిసి మోసేవాళ్లం. ఒంటరిగా వెళ్లేవాడు కాదు." ఆ మాట మీద మాత్రం ముఖం తిప్పుకుంది.

మే నెలలో అరవై ఒక్క మందినీ ఊరి చర్చి దొడ్లో, విల్ఫ్ పక్కన పూడ్చాం. వర్షం లేదు, గాలి లేదు. హిల్లరీ ప్రార్థన పూర్తిగా చదివింది, ఒక్క వాక్యం వదలకుండా. పేర్లు చదవాల్సిన చోట పదకొండు పేర్లే ఉన్నాయి. మిగతా యాభై మందికి ఏమని చదవాలో తెలియక ఆగింది. ఎనిడ్ ముందుకొచ్చి, "స్కెర్న్‌బీ అనండి. యాభై సార్లు అనండి" అంది. హిల్లరీ అంది. ప్రతిసారీ ఎనిడ్ చిన్నగా తల ఊపింది. ఊరంతా నిలబడి వింది, ఒక్కరూ దగ్గలేదు.

ఆ వారంలోనే రూబార్బ్ మూల గట్టుతో సహా జారిపోయింది. సెప్టెంబరులో ఇల్లు ప్రమాదమని కౌన్సిలు వాళ్లు కూల్చేశారు. ఎనిడ్‌కు విథర్న్‌సీ పట్నంలో కింది అంతస్తులో రెండు గదులిచ్చారు. సముద్రం వైపు కిటికీ ఉన్నదిస్తామంటే వద్దని, వీధి వైపుది తీసుకుంది. తలుపు గంట పక్కన పేరు రాసే చోట 'ఎనిడ్' అని మాత్రమే ఉంటుంది. ఇంటిపేరు రాయమని పోస్టుమాను రెండుసార్లు పోట్లాడాడు. "ఉత్తరం వస్తే నాకే ఇవ్వు, చాలు" అందట.

గురువారాలు నేను వేడి వేడి చేపలు కట్టించుకుని వెళ్తాను. బయల్దేరే ముందు గట్టు మీంచే ఫోన్ చేసేవాణ్ణి. కారవాన్ల దగ్గర సిగ్నల్ అక్కడే అందుతుంది. పోయిన వసంతంలో ఒకరోజు తింటుండగా అడిగాను.

"గాలొస్తే ఇంకా వినపడుతుందా?"

"లేదు. ఒక్కసారి కూడా లేదు. హాయిగా నిద్ర పడుతోంది." చేప ముల్లు తీసి పళ్లెం అంచున పెట్టింది. "కానీ నువ్వు ఆ గట్టు మీంచి ఫోన్ చెయ్యడం మానెయ్, అబ్బాయ్. నువ్వు మాట్లాడుతుంటే వెనక ఇంకెవరో ఉన్నట్టుంటుంది."

అప్పట్నుంచి ఊళ్లోకి వచ్చాక, చేపల కొట్టు ముందు నిలబడి చేస్తున్నాను.