జబీవుల్లా రాష్ట్రం ఎందుకు దాటాడంటే

జబీవుల్లాది ఉదయగిరి. చెక్క స్పూన్లు చెక్కడం వాళ్ల తాతల నాటి పని. వాళ్ల వీధిలో ఒక పాడు అలవాటుంది. అరుగు మీద కూర్చుని ఎవరైనా స్పూను చెక్కుతుంటే, దారిన పోయేవాడు ఆగి, దాన్ని చేతిలోకి తీసుకుని, ఒక తప్పు చెప్పందే కదలడు. ఎదురింటి ఖలీలుల్లా మామ అయితే రోజుకు నాలుగు చెప్పేవాడు. ఆయన రిటైరైన బస్సు డ్రైవరు. జన్మలో ఉలి పట్టింది లేదు.

ఒకరోజు జబీవుల్లాకు తిక్క రేగింది. ఉలీ ఆకురాయీ సంచిలో వేసుకుని, ఆత్మకూరు వెళ్లి బెంగళూరు బస్సెక్కేశాడు. అక్కడ గది ముందు కూర్చుని చెక్కుతుంటే ఎవరూ ఆగలేదు. ఏడాది పాటు స్వర్గం చూశాడు.

మొన్న భవ్యశ్రీ అనే తెలుగమ్మాయి ట్యాబ్ పట్టుకుని సర్వేకి వచ్చింది.

"సొంత రాష్ట్రం ఎందుకు వదిలొచ్చారు? ఉపాధా, చదువా, పెళ్లా?"

"అవేం కాదమ్మా. సలహాలు పడలేక వచ్చేసినాను."

"ఆ ఆప్షన్ లేదండీ. 'ఇతర కారణాలు' అని పెడతాను."

"అట్ట పెట్టించుకోబాకరా! మళ్లీ వచ్చి అడుగుతారు," అంటూ పక్క గదిలోంచి ఒక గొంతు వినిపించింది. ఖలీలుల్లా మామ! నిన్న రాత్రే పెట్టెతో సహా బాడుగకు దిగాడట.

"మీరెందుకొచ్చారండీ?" అంది భవ్యశ్రీ.

మామ బయటికొచ్చి, జబీవుల్లా చేతిలోని స్పూను లాక్కుని, కంటికి దగ్గరగా పెట్టుకున్నాడు.

"వీడొచ్చేసినాక ఊళ్లో నాకు పనేముండాది? నాది ఉపాధి అని రాసుకోమ్మా. ఏందిరా ఈ కాడ, ఇంత లావుండాది?"