హుసేనయ్య చెప్పిన పుటలు

హుసేనయ్య ఉదయగిరిలో చెక్క గరిటెలు చెక్కేవాడు. బడికి వెళ్లింది మూడేళ్లే. అయినా 1953 నాటికి మా వీధి చదువుల గదిలోని నూట అరవై పుస్తకాల్లో అతను చదవనిది లేదు. ఆ గది తాళంచెవి నా దగ్గర ఉండేది. ఆ మాత్రానికే నేను కలెక్టరునైనట్టు తిరిగేవాణ్ణి.

సాయంత్రం పనయ్యాక వచ్చి, చేతులు కడుక్కుని, పురాణ కథల పుస్తకం అరుగు మీద పైకి చదివేవాడు. చదువురానివాళ్లు పదిమంది చుట్టూ కూర్చునేవాళ్లు.

ఆ వేసవిలో ఆ పుస్తకంలో దేవుళ్ల బొమ్మలున్న పుటలు పదకొండు మాయమయ్యాయి. చింపినవి కావు, నున్నగా కోసినవి. అంత పనితనం ఊళ్లో ఎవరిదో నాకు చప్పున తోచింది. తోచిందే నిజమనుకున్నాను.

అరుగు నిండా జనం ఉండగానే అడిగాను.

"ఏందిరా హుసేనయ్యా, గరిటెల మీద చెక్కేదానికి బొమ్మలు కావాల్సొచ్చినాయా?"

అతను ఏదో చెప్పబోయి ఆగాడు. "నేను కొయ్యలేదన్నా" అన్నాడు.

"ఇంక ఈ గడప తొక్కబాక."

పుస్తకం మూసి నా చేతికిచ్చి వెళ్లిపోయాడు.

నెల తర్వాత మా అమ్మ తిరుపాలమ్మకు జ్వరమొచ్చింది. కషాయం కాచడానికి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి వంటింట్లోకి వెళ్లాను. పొయ్యి వెనక గోడకు పదకొండు పుటలూ అన్నం మెతుకులతో అంటించి, కుంకుమ బొట్లు పెట్టి ఉన్నాయి. శుక్రవారాలు ఆ చదువుల గది ఊడ్చేది అమ్మే.

"ఎందుకు కోసినావమ్మా?"

"అందరూ వేలు నాకి పుట తిప్పుతాండారు. దేవుడి మొహాన ఎంగిలి పడతా ఉంటే చూస్తా ఊరుకునేదా? నువ్వు పారేసిన గడ్డం బ్లేడుతో భద్రంగా కోసి తెచ్చినాను."

తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తడిపి లాగితే కాగితం పీలికలైంది.

మర్నాడు హుసేనయ్య ఇంటికి వెళ్లాను. అందరి ముందు అన్నవాణ్ణి, అందరి ముందే క్షమించమనాలి. అంత గుండె లేక ఒక్కణ్ణే వెళ్లాను. "మా అమ్మ..." అని ఆగిపోయాను.

"తెలుసన్నా. మెతుకులతో అంటించినవి ఊడిరావు. కాగితం, కలం తెచ్చినావా?"

గరిటె చెక్కుతూనే పదకొండు పుటలూ తడుముకోకుండా చెప్పాడు, నేను రాసుకున్నాను. చివరికి అడిగాను.

"నీకెప్పుడు తెలిసింది?"

"నువ్వు నన్నడిగిన ముందురోజే. అమ్మకు గరిటె ఇచ్చేదానికి పెరటి వాకిలికి వచ్చినాను. ఆ గోడకు దణ్ణం పెట్టుకుంటా ఉండాది."

"మరి చెప్పకపోతివే."

"అంతమందిలోనా? ఆమె మొహమెట్లా చూసేది?"

ఆ సాయంత్రం అతన్ని అరుగు మీదికి తీసుకొచ్చి, "హుసేనయ్య కొయ్యలేదు" అన్నాను. "మరెవురు కోసినారు?" అంది రోజూ కథ వినడానికొచ్చే శీనమ్మ. నేను నోరు తెరిచేలోపే హుసేనయ్య పుస్తకం విప్పి, పొడి వేలితో పుట తిప్పి, చదవడం మొదలుపెట్టాడు. నేనూ సందు దొరికిందని నోరు మూసుకున్నాను.

ఇప్పుడు అమ్మా లేదు, హుసేనయ్యా లేడు. శీనమ్మకు జవాబు ఈరోజు చెబుతున్నాను. కోసింది మా అమ్మే.