రెండో హీరో గొంతు కోసం

ఎనిమిదో తరగతి మధ్యలో బడి మానేశాను. మాస్టార్ల గొంతులన్నీ అప్పటికే పట్టేశాను కాబట్టి అక్కడ నేర్చుకోవాల్సింది ఇంకేమీ లేదనుకున్నాను. ఆ గొంతులు పట్టుకునే ఫిల్మ్‌నగర్ వచ్చి పైలట్ ట్రాక్ చెప్పే పనిలో పడ్డాను. ఎడిటింగ్ నడుస్తున్నప్పుడు సినిమాలో అందరి మాటలూ ఒక్కడే చెప్పేసే పని అది. హీరో, విలన్, హీరోయిన్ బామ్మ, కథకి అవసరమైతే గేదె కూడా. తర్వాత అసలు గొంతులవాళ్ళు హెడ్‌ఫోన్లో ఆ ట్రాక్ వింటూ తమ మాటలు చెప్పుకుంటారు. అప్పుడు మా గొంతు తుడిచేస్తారు.

మా ఆవిడ నర్సు. ఆవిడ చదువు పుణ్యమా అని మా ఇద్దరికీ కెనడాలో శాశ్వత నివాసం కార్డులు వచ్చాయి. చేతిలో ఉన్న సినిమా ట్రాక్ సగంలో వదిలేసి విమానం ఎక్కేశాను. అక్కడ గిడ్డంగిలో పెట్టెలు సర్దాను. ఆవిడకి ఆసుపత్రి, స్నేహితురాళ్ళు, చర్చిలో పాట, అన్నీ అమిరాయి. నా నోటికే తుప్పు పట్టింది. కొన్నేళ్ళు చూసి, నా కోసమే వెనక్కి వచ్చేద్దామంది. ఒక్క షరతు పెట్టింది.

"కార్డులు మాత్రం దాచుకుందామండీ. ఇక్కడ సరిపడకపోతే మళ్ళీ వెళ్ళిపోవచ్చు."

వాటిని బీరువాలో పెట్టి మళ్ళీ ఫిల్మ్‌నగర్ మెట్లెక్కాను. ఒకప్పుడు షేక్‌పేటలో నాతోపాటు కిరాయి గది పంచుకున్నవాడు ఇప్పుడు డైరెక్టర్.

"నిన్ను నమ్ముతలేర్రా మామా," అన్నాడు.

"ఈ ముఖం చూసి కూడానా?"

"ముఖం సంగతి గాదు, బీరువల కార్డు సంగతి. అప్పుడు ట్రాక్ సగంల ఇడిసిపెట్టి పోయినవ్. మా ప్రొడ్యూసర్ గది మర్వలే. ఇప్పటి సిన్మాల రెండో హీరో ముంబయోడు, తెలుగు ఒక్క ముక్క రాదు. నువ్వు మళ్ళ ఎగిరిపోతే ఎట్ల?"

"ఈ పొట్టతో ఎగరాలంటే నాకు రన్‌వే కావాల్రా."

"నవ్వులాట గాదురా. ఆ కార్డు ఇడిసిపెట్టు. ఇడిసినట్టు కాగితం తెచ్చి సూపెట్టు. ట్రాక్ మొత్తం నువ్వే చెప్పు. అందరిదీ తుడుస్తం, రెండో హీరోది ఉంచుతం. ఆ గొంతు నీదే. మాటిస్తున్న."

మా ఫీల్డులో ఇచ్చిన మాటకి కాగితం అడిగితే ముహూర్తం కొబ్బరికాయ ముందు తుమ్మినట్టే. నేను తుమ్మలేదు. వాడు మాత్రం కెనడా కాగితం అడిగాడు. ఆ తేడా నాకు అప్పుడు తట్టలేదు.

ఫారం మా ఆవిడే నింపింది. నాకు ఇంగ్లీషువాళ్ళ గొంతు వచ్చు గానీ ఇంగ్లీషు రాదు.

"ఎవరి ఒత్తిడీ లేకుండా, ఇష్టపడే వదులుకుంటున్నానని సంతకం పెట్టాలండీ."

"ఒత్తిడి ఉందో లేదో నర్సువి, నువ్వే చూసి చెప్పాలి."

ఆవిడ నవ్వలేదు. మర్నాడు రెండో ఫారం కూడా నింపడం మొదలుపెట్టింది. అది తన పేరున. "మీరిక్కడుంటే నేనొక్కదాన్నీ ఆ కార్డు పెట్టుకుని ఎక్కడికి పోతాను?" అంది. నేను టీ తాగుతూ విన్నాను.

కాగితం వచ్చింది, వాడికి చూపించాను. వాడు నన్ను కావలించుకున్నాడు. ట్రాక్ మొత్తం చెప్పాను. మిగతావాళ్ళవి మామూలుగా కానిచ్చి, రెండో హీరోకి మాత్రం ప్రాణం పెట్టాను.

జూబ్లీహిల్స్‌లో ఒక మధ్యాహ్నం ప్రివ్యూ వేశారు. మా ఆవిడ సెలవు పెట్టి, పట్టుచీర కట్టుకుని వచ్చింది. తెర మీద రెండో హీరో వచ్చాడు, నోరు తెరిచాడు. గొంతు నాది కాదు.

విరుపులు మాత్రం నావే. నేను ఆగినచోట ఆగుతున్నాడు, నేను మింగినచోట మింగుతున్నాడు. అబద్ధం చెప్పినప్పుడల్లా "మా అత్తమీదొట్టు" అని నేను ఇంట్లో అనేమాట, స్క్రిప్టులో లేకపోయినా అక్కడ కలిపాను. అదీ ఉంది. హాలంతా పడిపడి నవ్వింది. మా ఆవిడ మోచేత్తో పొడిచింది.

"అబ్బ, బొత్తిగా గుర్తుపట్టలేకుండా చెప్పారే!"

ఆవిడ ఇంకో రెండు సీన్లు మురిసిపోయి, తర్వాత నా వైపు చూసింది. ఆ తర్వాత తెర వైపు చూడలేదు.

బయట మెట్ల మీద వాణ్ని పట్టుకున్నాను.

"ఎప్పుడు మార్చార్రా?"

"మార్చుడేందిరా? ఆ రెండో హీరో మేనేజర్ మొదటి సందే పేరున్న గొంతు గావాలన్నడు. ఆ గొంతాయనకు ఒక్క రోజే టైముండె. నువ్వు చెప్పినట్టే చెప్పి పోయిండు. నిజంగ నీ పుణ్యమే మామా."

"మొదటినుంచీ అంటే? నేను కార్డు వదలకముందే?"

"మళ్ళ ట్రాక్ సగంల పోతే నేనేం గావాలె? జర అర్థం జేస్కో. వచ్చే సిన్మాల చూద్దాం, ఫికర్ జెయ్యకు."

వాడి ముఖంలో మచ్చుకైనా సిగ్గు లేదు. నన్ను మెచ్చుకుంటున్నాననే అనుకున్నాడు. కింది మెట్టు మీద నిలబడి మా ఆవిడ అంతా విన్నది.

"ఆ మాట ఆయన సంతకం పెట్టకముందు చెప్పాల్సింది అన్నయ్యా," అని మెట్ల దగ్గర విప్పిన చెప్పులేసుకుంది.

ఆటో షేక్‌పేట ఫ్లైఓవర్ ఎక్కింది. అప్పుడంది, "నేను ఫారం నింపుతుంటే మీరైనా వద్దనలేదు."

అనలేదు. ఒకటి ఉంచుకోమనాలన్న ఆలోచనే రాలేదు. అంతకన్నా పాడు సంగతి ఇంకోటుంది. అది ఇంటికి వెళ్ళాక చెప్పాను. వాడికి నేను చూపించింది నా ఒక్కడి కాగితమే కాదు. అడక్కపోయినా ఆవిడదీ పట్టుకెళ్ళాను. ఇద్దరివీ చూస్తే ఇంకాస్త గట్టిగా నమ్ముతాడనుకున్నాను.

ఆవిడ పట్టుచీర మడత పెడుతూ అడిగింది.

"చూసి ఏమన్నాడు?"

"చెల్లె బంగారం రా, అన్నాడు."

అప్పటికే వాడికి తెలుసు.