తీగను తాకకుండా కొలిచిన తమ్ముడు

గత ఆదివారం ఆరాధన ముగిసేలోపే మా తమ్ముడు ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయాడు. జబ్బు చేసినప్పటి నుంచి తణుకులో మా ఇంట్లోంచే బెంగళూరు కంపెనీకి చిప్పులు డిజైన్ చేసేవాడు. తీగను తాకకుండానే అందులో ఎంత కరెంటు పోతోందో చెప్పే చిప్పులు. తీగ చుట్టూ పుట్టే అయస్కాంత బలాన్ని బట్టి కొలుస్తాయట.

ఒక ఉదయం బాగా గుర్తు. నేను ప్రార్థన ముగించి, బైబిలు వాడి బల్ల మీద పెట్టి ఇడ్లీలు దించడానికి వెళ్ళాను. వచ్చేసరికి తీగలన్నీ ఊడదీసి కూర్చున్నాడు. కరెంటు ఆపేసినా, ఇంకా పోతూనే ఉందని చిప్పు చెబుతోందట. మీటర్ని అనుమానించాడు. పక్కింటి మోటారునూ వదల్లేదు. చివరికి నా బైబిలు కవరు కేసి చూశాడు. దాని మూతకి అయస్కాంతం బొత్తాం ఉంది.

"నీ బైబిలే దొంగక్కా!"

"ఏంటా మాటలు? తప్పురా."

"బైబిలు కాదులే, బొత్తాం" అని నవ్వాడు.

ఆ వారమే తన నోటుపుస్తకంలో, చిప్పుకి రెండు సెన్సార్లు పక్కపక్కన గీశాడు. బయటి అయస్కాంతం రెండింటి మీదా ఒకేలా పడుతుంది, తేడా తీస్తే అది పోయి తీగది మిగులుతుందట. రెండు పెట్టడం పాత సంగతేనట, అమర్చిన తీరు మాత్రం వాడిది. "ఒక్కదాని మాట నమ్మకూడదక్కా" అనేవాడు. కూరలో ఉప్పు సరిపోయిందా అని నన్నూ, వాడి భార్యనూ విడివిడిగా అడిగేవాడు.

సమాధి చేసిన మూడోరోజు వాడి ఆఫీసు నుంచి ఒక ఇంజనీరు వచ్చాడు.

"సార్ నోటుపుస్తకం ఇప్పించండమ్మా, పేటెంటుకి కావాలి. మేడమ్ గారు ఇక్కడో సంతకం పెడితే చాలండి."

"అందులో ఎవరి పేరు రాస్తారు బాబూ?"

"అవన్నీ ఆఫీసు చూసుకుంటుందండి."

"మా మరదలు చదివి సంతకం పెడుతుందిలెండి."

"అంతా ఇంగ్లీషండీ..."

బళ్ళో ఇంగ్లీషు చెప్పే మా మరదలు కాగితం అందుకుని చదివింది. డిజైన్ చేసినవారి పేరుండాల్సిన చోటు ఖాళీగా ఉంది. ఇంకోసారి రమ్మని పంపించేశాం.

మనిషిని అనుమానించడం పాపమేమోనని మధ్యాహ్నమంతా మోకరించాను. అనుమానం పోలేదు.

సాయంత్రం మరదలు, సమాధికని వచ్చి ఉన్న మా చెల్లి, నేను కూర్చుని తేల్చుకున్నాం. పని కంపెనీదే, కాదనం. ఆ ఇంజనీరు వచ్చి మా ఎదుటే పుస్తకానికి ఫొటోలు తీసుకోవచ్చు. తమ్ముడి పేరు రాసిన కాగితం వచ్చేదాకా సంతకం లేదు, పుస్తకం గడప దాటదు. అంతకంటే ముందు మేమే ప్రతి పేజీ ఫొటో తీసి దాచుకోవాలి. చెల్లి ఫోను పట్టుకుంది. ప్రతి పేజీ మూలనా వాడి సంతకం ఉంది. నా వేలు దాని మీద పడకుండా అంచు పట్టుకుని, ఒక్కో పేజీ తిప్పుతూ వెళ్ళాను.