నిండు గ్లాసు

కొనకనమిట్ల దగ్గరి పల్లెలో పురుగుమందు కొట్టే కూలికి గిద్యోనును మించినవాడు లేడు. ఇరవై ఏళ్లుగా మోచేతి దాకా చెయ్యి ముంచి మందు కలిపాడు; పంపు నాజిల్‌లో నలక అడ్డుపడితే నోటితో ఊది తీశాడు. చేతితొడుగులు వాడాలని డబ్బా మీద చీమతలలంత అక్షరాల్లో అచ్చువేసినవారు ఏ కూలికీ ఒక్క జత ఇచ్చిన పాపాన పోలేదు. మొన్న ఆగస్టులో మార్కాపురంలో రక్తపరీక్ష చేయించిన డాక్టరమ్మ, "నరాలను అదుపులో ఉంచే ఎంజైము నీ ఒంట్లో సగానికి పడిపోయింది. మందు పురుగును చంపేదీ ఇట్లనే. రెండు నెలలు దాని జోలికి పోవద్దు" అన్నది. నాటినుంచి అతణ్ణి భయం పట్టుకుంది. ఆ పరీక్ష కాగితాన్ని బైబిలులో దాచి, ప్రతి ఉదయం అంచుదాకా నింపిన నీళ్ల గ్లాసును చాచిన చేత్తో పట్టుకుని, చెయ్యి వణికి చుక్క తొణుకుతుందేమోనని ఊపిరి బిగబట్టి చూసేవాడు. పొయ్యి వెలగాలి గనుక అతడి బదులు భార్య మగ్దలీనమ్మ అతడు మందు కొట్టిన పత్తిచేలకే కూలికి పోయింది.

"నేను కొట్టేది లేదు, ఉత్త కలిపేదే గదయ్యా. ఆడదానికి మందు ట్యాంకు మోసే పని ఇస్తారా ఏంది?" అని నవ్వింది. కలిపితే ఏమీ కాదని అతడూ నమ్మాడు. నెలన్నర తరువాత ఒక ఉదయం గ్లాసు తొణకలేదు.

"చూసినావా, రాయి మాదిరి నిలబడింది!"

"అయితే ఇంకో గ్లాసు పట్టు, మొనగాడా" అంటూ ఆమె నింపి అందించింది. నీళ్లు అతడి మణికట్టు మీద ఒలికాయి.

"చలికిలే" అన్నదామె. ఆ ఉక్కపోతలో ఆమె నుదుటినుంచి చెమట కారుతోంది. గిద్యోను గ్లాసును వదిలేసి ఆమె చేతిని రెండు చేతులతో పట్టుకున్నాడు. అయినా దాని వణుకు ఆగలేదు.