గుంపు మాటలు

షామియానా వాళ్లు అద్దెకిచ్చే ప్లాస్టిక్ కుర్చీలకు చేతులెందుకు పెడతారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఒకసారి కూర్చున్నామా, లేచేటప్పుడు కుర్చీ కూడా మనతోపాటు లేస్తుంది. అందులో నా కొలతల తప్పు కొంత ఉందని మా వదిన అంటుంది గానీ, ఆవిడ లేచినప్పుడు పక్క కుర్చీ కూడా లేవడం నేను కళ్లారా చూశాను. మొన్న తపస్సుకాలంలో ఒక శుక్రవారం నాడు అమలాపురంలో మా అన్నయ్య ఇంట్లో హాలు నిండా ఈ కుర్చీలే వేశారు. కుటుంబ ప్రార్థన. మోకాళ్లూనమన్నప్పుడు ఊనడానికి జానెడు చోటు లేక, అందరం తలలు వంచి, ఊనినట్టు మనసులో అనుకున్నాం. దేవుడు పెద్ద మనసు చేసుకునే ఉంటాడు. నేను చేసుకోలేకపోయాను. ఎందుకంటే ముందు వరసలో, సిలువకు ఎదురుగా, పూలగుడ్డ కప్పిన కుర్చీ ఒకటి వేసి అందులో మా మేనత్తను కూర్చోబెట్టారు. ఆ కుర్చీని చూడగానే నాకు రాజోలు దగ్గర మా పాత ఇంట్లో గుమ్మం పక్కన పరిచే చిరుగుచాప గుర్తొచ్చింది. ఒళ్లు మండింది.

పాస్కా పండగకి, అదే ఈస్టరుకి, ముందొచ్చే నలభై రోజుల తపస్సుకాలం అంటే ఆ ఇంట్లో మాటలు కాదు. విభూది బుధవారం నాడు నుదుటిమీద బూడిద రాయించుకుని వచ్చిన దగ్గర్నుంచి టీవీ మీద దుప్పటి పడేది. పిల్లలు గట్టిగా నవ్వకూడదు, అమ్మ పూలు పెట్టుకోకూడదు, ఇంట్లోకి మాంసం రాకూడదు. చేపలు మాంసం కిందకి రావు కాబట్టి కోడిని వదిలేసి గోదావరి మీద పడేవాళ్లం. రొయ్యల ఇగురు, కొరమేను పులుసు, లంకల్లోంచి ఎవరో తెచ్చిచ్చే పీతలు. పండగ రోజుల్లో కూడా అంత రుచిగా తిన్నట్టు నాకు గుర్తులేదు. ఉపవాసం ముగిసేసరికి మా నాన్నగారు కాస్త ఒళ్లు చేసేవారు. ఆ సంగతి ఎవరూ పైకి అనేవారు కాదు. ఆయన నిష్ఠ అలాంటిది మరి. ఊళ్లో లూథరన్‌లు, బాప్తిస్టులు బోలెడుమంది, మా కతోలిక గుడి వాళ్లం గుప్పెడు. తక్కువమందిమి ఉన్నాం కాబట్టి ఎక్కువగా ఉండాలని ఆయన సిద్ధాంతం.

సాయంత్రం గుడిలో సిలువమార్గం చేసుకుని వచ్చాక ఇంట్లో జపమాల, దాని తరవాత క్రీస్తుని పట్టుకుని సిలువ వేసిన శ్రమల చరిత్ర. మ్రానికొమ్మల ఆదివారం నాడు గుడిలో ముగ్గురు నిలబడి ఆ చరిత్రను పంచుకుని చదువుతారు. ఒకరు కథ చెబుతారు, ఒకరు క్రీస్తు మాటలంటారు, ఒకరు మిగతావాళ్ల మాటలు. నాన్నగారికి ఈ పద్ధతి నచ్చి ఇంటికి తెచ్చేశారు. తపస్సుకాలంలో ప్రతి శుక్రవారమూ మా హాల్లో అదే. బాబాయి కథ చెప్పేవాడు. క్రీస్తు మాటలు నాన్నగారివి, ఆ విషయంలో ఏనాడూ చర్చ జరగలేదు. మిగిలిన ఆడవాళ్లూ పిల్లలూ గుంపు. గుంపుకి పెద్ద పనేం ఉండదు. సమయం వచ్చినప్పుడు ‘సిలువ వేయండి, సిలువ వేయండి’ అని అరవాలి. పిల్లలకు అదొక్కటే ఆటవిడుపు, ఇల్లెగిరిపోయేలా అరిచేవాళ్లం.

అత్త కూడా గుంపే. నాన్నగారికి ఒక్కతే చెల్లెలు, సిస్టర్ల బడిలో చదువుకుంది. ఆవిడ వాక్యం చదివితే వంటింట్లో గిన్నెలు కడిగే చప్పుడు ఆగిపోయేదని మా నాయనమ్మ చెప్పేది. అలాంటి మనిషి తాటిపాకలో వెల్డింగ్ పని చేసే ఒక హిందువుల అబ్బాయిని రిజిస్టరాఫీసులో పెళ్లి చేసుకుంది. గుడిలో కాని పెళ్లి కాబట్టి పూజలో ఫాదర్‌గారిచ్చే సత్ప్రసాదం తీసుకోకూడదు. అది గుడి నియమం. గుడి అంతటితో ఆగింది. నాన్నగారు ఆగలేదు. ప్రార్థనకి రావచ్చు గాని గుమ్మం పక్కన కూర్చోవాలన్నారు, జపమాలలో పది పూసల వంతు కూడా ముందుండి చెప్పించకూడదన్నారు, వాక్యం ముట్టుకోకూడదన్నారు. అయినా అత్త ప్రతి శుక్రవారమూ వచ్చేది. మావయ్య మోపెడ్ మీద తీసుకొచ్చి వీధి చివర దింపి, ప్రార్థన అయ్యేవరకూ కాలవ వంతెన మీద కూర్చునేవాడు. ‘లోపలికి రండి మావయ్యా’ అని నేనోసారి పిలిస్తే, ‘మీ నాన్నగారి దేవుడికి ఇబ్బందెందుకులేమ్మా’ అన్నాడు నవ్వుతూ. అత్త మాంసం మానేసిందని ఆ మనిషి ఆ కాలమంతా చేప కూడా ముట్టకుండా పప్పన్నం తినేవాడని తరవాత తెలిసింది. లోపల మేము రొయ్యలు తింటున్నాం. బయట ఆయన ఉపవాసం ఉన్నాడు.

నాయనమ్మ మంచాన పడ్డ ఏడాది సంగతి ఇది. చూపు పోయింది, చెవులు మాత్రం పాము చెవులే. మంచాన్ని హాల్లోకి తెచ్చి వేశాం. చదువు మొదలవబోతుంటే ఆవిడ నాన్నగారిని పిలిచి, ‘ఒరేయ్, ఈ ఒక్కసారికీ క్రీస్తు మాటలు అమ్మాయిని చదవనివ్వరా. సిలువ మీంచి, వీళ్లకి తెలియదు, క్షమించమని తండ్రిని అడుగుతాడు చూడు, ఆ మాట దాని నోట వినాలనుందిరా’ అంది. ఒక తల్లి అడిగింది అంతే. కూతురి గొంతులో ఒక్క వాక్యం.

నాన్నగారు కళ్లజోడు తుడుచుకున్నారు. ‘సత్ప్రసాదం లేని నోటితో ప్రభువు మాటలా? నీకు ఒంట్లో బాలేదమ్మా, పడుకో’ అన్నారు. బాబాయి పుస్తకంలోకి చూశాడు. అమ్మ కొంగు సర్దుకుంది. అత్త గుమ్మం దగ్గర చాప ఈనెలు పీకుతూ కూర్చుంది.

చదువు సాగింది. గుంపు వంతు వచ్చింది. ఆ రోజు పిల్లలం కూడా సరిగ్గా అరవలేదు. అత్త పెదవులు కదిలాయి గానీ మాట వినపడలేదు. నాన్నగారు చదువు ఆపేశారు. ‘ఏవే, గుంపంటే గట్టిగా అరవాలి. నీ ఒక్కదానివల్ల వాక్యం ఆగిపోయింది’ అన్నారు. అప్పుడు అత్త అరిచింది. సిలువ వేయండి అని తల ఎత్తి, నాన్నగారి కళ్లలోకి చూస్తూ అరిచింది. ఆ గొంతుకి వంతెన మీద కూర్చున్న మావయ్య పరుగున గుమ్మం దాకా వచ్చి నిలబడిపోయాడు. నాయనమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. కాసేపటికి నాన్నగారు క్షమించమనే ఆ మాట దగ్గరికి వచ్చి, చాలా భక్తిగా, స్పష్టంగా చదివారు. ఆయన ఉచ్చారణలో ఎప్పుడూ లోపం లేదు.

పాస్కా పండగ దాకా నాయనమ్మ ఉండలేదు.

కాలేజీలో చదువుకునే రోజుల్లో ఒకసారి ధైర్యం చేసి మా గుడి ఫాదర్‌గారిని అడిగాను, అలాంటివాళ్లు ఇంట్లో వాక్యం చదవకూడదా అని. ‘ఇంట్లో చదువుకోడానికి అడ్డేముందమ్మా? వద్దని ఎవరు చెప్పేరు?’ అన్నారాయన. మా నాన్నగారండీ అన్నాను. ‘ఆయ్, ఆయనకి నిష్ఠ కాస్త ఎక్కువలెండి’ అన్నారు ఫాదర్‌గారు. ఉన్నట్టుండి నాకు బహువచనం ఎందుకొచ్చిందో గాని, ఆ నియమం మాత్రం ఏ పుస్తకంలోనూ లేదని తేలిపోయింది. మా హాల్లో పుట్టింది, మేమే పెంచాం. నాన్నగారు పోయాక కూడా దాన్ని బతికించుకున్నాం. అన్నయ్య ప్రార్థన పెట్టిన ప్రతిసారీ అత్త వచ్చేది, వెనకే కూర్చునేది, గుంపు మాటలు అనేది.

పోయినేడు మావయ్య పోయాడు. ఈ ఏడు గుడిలో కొత్త ఫాదర్‌గారు, తపస్సుకాలంలో పాత గొడవలు మరిచి ఇంటివాళ్లతో సమాధానపడమని ప్రసంగం చెప్పారు. అన్నయ్య వెంటనే కుర్చీలకు బయానా ఇచ్చేశాడు. వాడు ఇప్పుడు గుడి కమిటీలో ఉన్నాడు, సమాధానపడటం కూడా కాస్త పద్ధతిగా ఉండాలి.

జపమాల అయ్యాక అన్నయ్య లేచాడు, కుర్చీతో సహా. దాన్ని విడిపించుకుని, ‘ఇవ్వాళ క్రీస్తు మాటలు మా అత్త చదువుతుంది. మావయ్యగారు లేరు కాబట్టి ఇప్పుడు అభ్యంతరం కూడా ఏమీ లేదు’ అన్నాడు. మొగుడు చచ్చిపోయి మా అత్తకి అర్హత తెచ్చిపెట్టాడన్నమాట. ఆ సంగతి అంత మర్యాదగా చెప్పడం మా వంశంలో మగవాళ్లకే చేతనవుతుంది. వదిన వీడియో తీయడానికి ఫోను ఎత్తింది. నేను చేతిలో జపమాల గట్టిగా పట్టుకున్నాను, విసిరేయకుండా ఉండటానికి.

అన్నయ్య పుస్తకం తెచ్చి అత్త ఒళ్లో పెట్టి, ‘ఇదిగో అత్తా, క్షమించమని అడిగే చోటు. నాయనమ్మ కోరిక. పాతవన్నీ ఈ రోజుతో సరి’ అన్నాడు. గొంతు కూడా వణికించాడు. కాలం అన్నిటినీ మాన్పుతుందంటారు. నేను చూసినంతలో అది మాన్పేది కొట్టినవాడి చేతినొప్పినే.

అత్త కళ్లజోడు పెట్టుకుంది. పుట వంక కాసేపు చూసింది. పుస్తకం మూసి, తిరిగి వాడి చేతిలో పెట్టింది.

‘ఇన్నేళ్లూ నాకు గుంపు మాటలే ఇచ్చేరు కదరా. నాకు అవే వచ్చు.’