కుంకం నింపిన బ్రష్షు పిడి

గెడ్డం గీసుకునే బ్రష్షులకి పిడులు చెయ్యడం కూడా ఒక సరదాయేనా అని నన్ను చాలామంది అడిగారు. కొందరు అడక్కుండా నవ్వి ఊరుకున్నారు. పేకాటకి ఎవరూ సంజాయిషీ అడగరు, దీనికెందుకయ్యా అని నేను ఎదురు దబాయించేవాణ్ణి. అరవైల చివర, విజయనగరంలో జూట్ మిల్లు గుమాస్తాగా చేస్తున్న రోజులవి. అప్పటికి పెళ్ళై ఎంతో కాలం కాలేదు.

అసలు ఈ పిచ్చి విసుగులోంచి పుట్టింది. నా బ్రష్షుకి ప్లాస్టిక్ పిడి ఉండేది. ఒక పొద్దున్న అది నూతి గట్టు మీంచి జారిపడి నిలువునా చీలింది. వెంట్రుకల కుచ్చు మాత్రం చెక్కుచెదరలేదు. అంత మంచి కుచ్చు పారెయ్యడానికి మనసొప్పలేదు. వీధి చివర ఎవరో కొట్టి పడేసిన అంకుడు కొమ్మ తెచ్చి చాకుతో చెక్కాను. అంకుడు మెత్తటి తెల్ల కర్ర, లక్కబొమ్మలు చేసేవాళ్ళు వాడేది అదే. ఆ మొదటి పిడి ఎవరో కొరికి వదిలేసిన ముల్లంగిలా ఉండేది. అయినా మర్నాడు పొద్దున్న దాన్ని చేత్తో పట్టుకుని నురగ చేసుకుంటుంటే భలే సంతోషం వేసింది. ఇక ఆగలేదు.

చాకుతో సరిపెట్టుకోలేక మా ఆవిడ కుట్టుమిషను మీద కన్నేశాను. మా ఆవిడ నాకు మేనమావ కూతురే. కాపరానికొస్తూ తొక్కుడు మిషను తెచ్చుకుంది. దాని తలకాయ విప్పి పక్కన పెట్టి, కింది చక్రం పట్టీని పైన ఒక ఇనప కడ్డీకి తగిలిస్తే, కడ్డీకి బిగించిన కర్రముక్క గిర్రున తిరిగేది. ఉలి ఆనిస్తే చాలు, పొట్టు చుట్టలు చుట్టలుగా లేచి ఒళ్ళో పడేది. తిరుగుతున్న కర్రకి లక్క ఒత్తితే ఆ రాపిడి వేడికే కరిగి రంగు పట్టేది. దాని మీద మొగలి ఆకు పెట్టి రుద్దితే మెరుపొచ్చేది. ఆ మెరుపు చూస్తూ నేను అన్నానికి లేవడం మర్చిపోయేవాణ్ణి.

“బావా, నా జాకెట్లు నాను ఎప్పుడు కుట్టుకోవాల?” అని ఆవిడ వంటింట్లోంచి కేకేసేది.

“ఈ ఒక్కటీ అయిపోనీవే” అనేవాణ్ణి. ఆ ఒక్కటి ఎప్పటికీ అయ్యేది కాదు.

మిల్లులో పిడి విరిగిన బ్రష్షులన్నీ నా బల్ల మీదికి చేరడం మొదలైంది. మనిషి చెయ్యి చూస్తే నాకు పిడి కనిపించేది. హెడ్ గుమాస్తాగారివి అరటిపళ్ళ లాంటి వేళ్ళు, ఆయనకి నడుము లావుగా చేశాను. టైపిస్టు చెయ్యి ఆడపిల్ల చెయ్యిలా ఉండేది, అతనికి సన్నంగా మెడ తీర్చాను. ఊరంతా నా చేతిపనితో నున్నగా తయారవుతోందని నాకు లోపల్లోపల గర్వంగా ఉండేది.

సరిగ్గా అప్పుడే నేను గెడ్డం పెంచాల్సొచ్చింది.

మా ఆవిడ కడుపుతో ఉంది. భార్య కడుపుతో ఉండగా భర్త క్షౌరం చేయించుకోకూడదని మావైపు గట్టి పట్టింపు. నాకు అలాంటివి నమ్మకం లేదు. అయితే అంతకు ముందు ఏడాది మాకు ఒక కడుపు నిలవలేదు, నాలుగో నెలలోనే పోయింది. గెడ్డం సంగతి ఆలోచించే దాకా రానే లేదు అప్పుడు. ఆ తరవాత మా ఆవిడ చాలాకాలం ఇంట్లో చప్పుడు లేకుండా తిరిగింది. రెండోసారి నెలలు నిండుతున్న కొద్దీ ఆవిడ కళ్ళల్లో భయం నాకు కనిపిస్తూనే ఉంది. ఒకరోజు నేను అద్దం ముందు కూచుని నురగ చేస్తుంటే వచ్చి పక్కన నిలబడింది.

“బావా, ఈపాలికి గెడ్డం ఉంచెయ్యవా?”

నేను బ్రష్షు పక్కన పెట్టి మొహం కడిగేసుకున్నాను. నాకు ఈసారి బిడ్డ దక్కాలి, తనూ దక్కాలి. గెడ్డం ఏపాటి?

శ్రీమంతం అయ్యాక మా మావ వచ్చి ఆవిణ్ణి పుట్టింటికి తీసుకెళ్ళాడు. వాళ్ళది భావనపాడు వైపు పల్లె, వరి పండించుకునే ఇల్లు. నేను ఇక్కడ ఒంటరిగా, కుట్టుమిషనుతో, నానాటికీ పెరిగే గెడ్డంతో మిగిలాను. మిల్లులో నన్ను స్వామీ అని పిలవడం మొదలెట్టారు. మీ బ్రష్షు మీకే పనికిరాకుండా పోయిందే అని టైపిస్టు రోజూ ఒకసారి గుర్తుచేసేవాడు. వాడికి పిడి చేసిపెట్టినందుకు నాకు చాలాసార్లు ఒళ్ళు మండింది.

ఆ రోజుల్లోనే నా జన్మలో కెల్లా మంచి పిడి చేశాను. బిడ్డ పుట్టి పురుడు వెళ్ళాక నేను మొదటిసారి గెడ్డం గీసుకునేది దానితోనే అని మనసులో పెట్టుకుని చేశాను. కింద చిన్న చెంబులా బొద్దుగా, మధ్యలో నడుము, పైన కుచ్చు దిగడానికి గుండ్రటి గుంట. ఎరుపూ పసుపూ చారలు. కుచ్చు మాత్రం ఆ రోజే బిగిస్తానని అట్టేపెట్టాను. నమ్మకాలు లేవని చెప్పుకునేవాడికి ఇదేం మొక్కో నన్నడక్కండి.

పురిటి రోజులు దగ్గర పడ్డాయని కబురొస్తే సెలవు పెట్టి నౌపడలో రైలు దిగి, బండెక్కి ఊరు చేరాను. మా ఆవిడకి చూపిద్దామని ఆ పిడి సంచిలో వేసుకున్నాను. లోపలికెళ్ళి కాళ్ళు కడుక్కుని వచ్చేసరికి మా అత్త సంచిలోంచి పళ్ళు తీస్తూ ఆ పిడిని చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిప్పుతోంది.

“కుంకం బరిణి తెచ్చినావేటి నాయినా! ఓలమ్మో, ఎంత బాగున్నాదో! మూత ఏదిరా?”

 మా అత్త చూసిన బ్రష్షల్లా ఊరి మంగలి పెట్టెలోది, దారంతో కట్టిన పొట్టి కుచ్చు. ఇది పట్నం బ్రష్షుదని ఆవిడకెలా తెలుస్తుంది? చెబుదామంటే ఆ ఇంట్లో క్షౌరం సామాను గడప దాటి రాకూడదు. మా మావ పశువులశాల దగ్గరే పని కానిచ్చుకుని, తలమీంచి నీళ్ళు పోసుకుంటే గానీ అరుగెక్కనిచ్చేది కాదావిడ. పురిటి ఇంట్లోకి అలాంటి వస్తువు తెచ్చానంటే కోప్పడ్డమే కాదు, హడలిపోతుంది. అత్త వెనకాల గుమ్మంలో మా ఆవిడ నిలబడి ఉంది. తనకి ఒక్క చూపులో సంగతి అర్థమైపోయింది. పైట చెంగు నోట్లో కుక్కుకుని, చెప్పొద్దని నాకు చెయ్యి ఊపింది.

“మూత... మూత చెయ్యలేదత్తా” అన్నాను.

“నేకపోతే మానె” అని మా అత్త కుచ్చు దిగాల్సిన గుంటలో నిండా కుంకం పోసి, తిన్నగా తీసుకెళ్ళి దేవుడి గూట్లో పెట్టి దణ్ణం పెట్టింది.

నాకు ఆ గూడు వైపు చూడ్డానికే బెదురుగా ఉండేది. ఏమీ నమ్మనివాణ్ణి, ఉన్నట్టుండి అన్నీ నమ్మడం మొదలెట్టాను. ఏదైనా తేడా వస్తే ఇందుకే వచ్చిందని జన్మంతా కుమిలిపోతానని భయం పట్టుకుంది. మా ఆవిడ దగ్గరికెళ్ళి, ఎవరూ చూడకుండా దాన్ని తీసేస్తానన్నాను.

“ఉండనీ బావా” అంది. “అమ్మ దానికి దణ్ణం ఎట్టినప్పుడల్లా నాకు నవ్వొస్తాది. నవ్వొస్తంతసేపు భయం ఎయ్యదు.”

ఆ మాట విన్నాక ఇక దాని జోలికి పోలేదు.

నొప్పులు ఒక పొద్దున్న మొదలయ్యాయి. మంత్రసాని వచ్చి, నిప్పు నోట్లోకి పెట్టి అడ్డపొగ తాగుతున్న చుట్ట తీసి అరుగు మీద ఆర్పి లోపలికెళ్ళింది. మా మావ, నేను అరుగు మీద కూచున్నాం. మావ వేరుశెనక్కాయలు ముందేసుకుని ఒలిచాడు, ఒలిచాడు, ఒక్క గింజ నోట్లో వేసుకోలేదు. ఎండ నడినెత్తికొచ్చింది. లోపల్నించి మా ఆవిడ అరుపు వినిపించినప్పుడల్లా నేను గెడ్డం పీక్కునేవాణ్ణి. అప్పటికి పీక్కోడానికి చాలానే ఉంది.

ఎంతసేపటికీ బిడ్డ రాలేదు. అత్త బయటికొచ్చింది, మొహంలో నెత్తురు చుక్క లేదు. మాతో మాట్లాడకుండా దేవుడి గూటి దగ్గరికెళ్ళి నా పిడి పట్టుకుని మళ్ళీ లోపలికి పరుగెత్తింది. బొట్టు పెట్టడానికని నాకు అర్థమైంది. తలుపు పూర్తిగా పడకముందే లోపల్నించి మా ఆవిడ నవ్వు వినిపించింది. అంత నొప్పిలో, ఏడుపూ నవ్వూ కలిసిపోయి, గట్టిగా నవ్వింది.

“నొప్పుల్లో నవ్వుతాదేటే ఈ పిల్ల!” అని అత్త బెదిరిపోయి అరుస్తోంది.

“నవ్వనీవమ్మా, మంచిదే. నోట్లో ఏటైనా ఎట్టండి, నాలిక కొరుక్కుంటాది” అంది మంత్రసాని.

తలుపు మూసేశారు. మావ చేతిలో కాయ అలాగే ఉండిపోయింది. నేను గోడ పట్టుకుని నిలబడ్డాను. అప్పుడు పిల్ల ఏడ్చింది. కోపంగా, ఇంతసేపు ఎందుకు ఆపారన్నట్టు ఏడ్చింది. నేనూ ఏడ్చాను, నాకేం సిగ్గు లేదు.

ఆడపిల్ల అని చెప్పి, కాస్సేపటికి నన్ను గుమ్మం దాకా రానిచ్చారు. మా ఆవిడ మొహమంతా ఎర్రగా ఉంది, మెడంతా ఎర్రగా ఉంది. నెత్తురనుకుని గుమ్మం పట్టుకున్నాను.

“కుంకం బావా, కుంకం” అంది ఆవిడ నీరసంగా. నోట్లో ఏదైనా పెట్టమని మంత్రసాని అనేసరికి మా అత్త చేతిలో ఉన్న పిడినే కూతురి పళ్ళ మధ్య పెట్టేసిందట. కుంకమంతా ఒలికి మీద పడిపోయింది. పక్కన పడుకోబెట్టిన పిల్ల చెవి మీద కూడా కాస్త ఉంది.

నన్ను వంగమని సైగ చేసి, చెవిలో చెప్పింది. “నీ బ్రష్షు రుచి ఏటీ బాగోనేదు.”

పురుడు వెళ్ళిన రోజున నా గెడ్డం తీసింది ఊరి మంగలి, పశువులశాల దగ్గర, సగం ఊడిపోయిన వాడి కుచ్చుతోనే. నా పిడి సంగతంటారా, అప్పటికే అత్త దాన్ని కడిగి, మళ్ళీ కుంకం నింపి, గూట్లో పెట్టేసింది. దాని నడుము మీద మా ఆవిడ పళ్ళ గాట్లు లోతుగా దిగాయి. లక్క పెచ్చులూడి తెల్ల కర్ర బయటపడింది. నేను ఇంకెన్ని పిడులు చేసినా అంత అందమైనది చెయ్యలేను.

పిల్లకి మెడ నిలబడ్డాక తల్లినీ బిడ్డనీ దిగబెట్టడానికి మా అత్తే విజయనగరం వచ్చింది. మర్నాడు పొద్దున్న నేను అలవాటు కొద్దీ నూతి గట్టు మీద అద్దం పెట్టుకుని కూచున్నాను. చేతిలో అచ్చం అలాంటి పిడే, అవే చారలు, ఈసారి కుచ్చుతో. నురగ బాగా లేచింది. అద్దంలో నా చెవి పక్కన మా అత్త మొహం కనిపించింది. మనవరాల్ని ఎత్తుకుని, నా చేతిలోని దాన్ని చాలాసేపు చూసింది.

“అదేటి నాయినా, బరిణికి జుత్తెందుకు ఎట్టినావు?”

వంటింటి గుమ్మంలో మా ఆవిడ చేతిలో గరిటె ఆగిపోయింది. నేను నురగ మొహంతోనే లేచి నిలబడ్డాను.

“ఇది బరిణి కాదత్తా. గెడ్డం గీసుకునే బ్రష్షు.”

“మరి మా దేవుడి గూట్లోది?”

“అదీ ఇదేనత్తా.”

మా అత్త నూతి గట్టు మీద చతికిలపడింది. ఇక ఊరెళ్ళి ఇల్లంతా కడిగించి, దేవుడికి పసుపు నీళ్ళతో అభిషేకం చేయించి, ఆ పిడిని సముద్రంలో వేయించేస్తుందనుకున్నాను. ఒళ్ళో పిల్ల నా చేతిలోని బ్రష్షు కోసం చేతులు చాస్తోంది. అత్త ఆ చిన్న చేతుల్ని పట్టుకుని, గుమ్మంలో ఉన్న కూతురి వైపు చూసి, కొంగుతో కళ్ళొత్తుకుంది.

“ఏదైతే నాకేటి? నా పిల్ల పళ్ళు దిగిన బరిణి అది. గూట్లోంచి తియ్యను” అంది. తరవాత నా వైపు తిరిగి, “నువ్వు మాత్రం తానం సెయ్యకుండా గడప తొక్కినావంటే సూడు” అంది.